లాంకాస్టర్ బాంబర్ మోడల్ కిట్, 1/72 సైజు: రెండు నెలలు కూసొని కట్టినంక రాస్తున్న రివ్యూ

నాది నల్గొండల మోటర్ వైండింగ్ షాపు, క్లాక్ టవర్ సెంటర్‌కు దగ్గర్లనే. బోరు మోటర్లు, ఫ్యాన్లు, మిక్సీలు, పొద్దుగాల నుంచి రాత్రి దాక గదే పని. మావోడు తొమ్మిదో తరగతి, వానికి చిన్నప్పటి నుంచి విమానాలంటే పానం. ఎండాకాలం సెలవులల్ల ఫోన్ పక్కన పెట్టి చేతులతోని ఏదన్న పని చెయ్యిరా అంటే ఈ కిట్ చూపెట్టిండు. రెండో ప్రపంచ యుద్ధంల ఇంగ్లాండోళ్లు రాత్రిపూట జర్మనీ మీదికి పంపిన నాలుగు ఇంజిన్ల బాంబర్, లాంకాస్టర్. ధర 4,800. ప్లాస్టిక్ ముక్కలకు అన్ని పైసలా అని రెండు దినాలు ఆలోచించి మల్ల ఆర్డర్ పెట్టిన. ఇప్పుడు పూర్తయింది, షాపుల వైర్ల రాక్ పైన ఉన్నది, వచ్చినోళ్లందరు అడుగుతున్నరు, అందుకే వివరంగ రాస్తున్న.

ముందు డెలివరీ సంగతి. మన నల్గొండల ఇసొంటి కిట్లు దొరికే షాపు నాకు తెల్వది, ఆన్‌లైన్లనే తెప్పించుకోవాలె. తొమ్మిది దినాలకు వచ్చింది, డబ్బా ఒక మూల నొక్కుకపోయి ఉన్నది. తెరిచి చూస్తే తోక దగ్గర గన్నర్, అంటే తుపాకులు కాల్చేటోడు, కూసునే అద్దాల గది ముక్క నడిమధ్యల పగిలింది. అమ్మినాయనకు ఫోటోలు పెట్టిన, మూడు సార్లు మెసేజ్ చేసిన, ఒక్కసారి గూడ జవాబు రాలే. పేరు రాయను గానీ 4,800 పెట్టి కొన్నోనికి ఒక చిన్న అద్దం ముక్క పంపియ్యకపోవుడు అన్యాయం. మీరు తెప్పించుకుంటే డబ్బా తెరిచేటప్పుడే వీడియో తీసి పెట్టుకోండ్రి.

ఇగ కిట్ సంగతి. ప్లాస్టిక్ మంచిది, అంచులు సాఫీగ ఉన్నయి, ముక్కకు ముక్క చక్కగ కూసుంటది. పూర్తయినంక రెక్కల వెడల్పు 43 సెంటీమీటర్లు, పొడుగు 29. 1/72 అంటే అసలు విమానంల 72వ వంతు, అసలుది రెక్క కొస నుంచి కొస దాక 31 మీటర్లు. పుస్తకంల అన్నీ బొమ్మలే, రాసింది చాన తక్కువ, ఏ నంబర్ ముక్క ఎక్కడ పెట్టాలెనో చూపిస్తడు గానీ ఆ ముక్క ఏందో, ఎందుకున్నదో చెప్పడు. మేం రోజు రాత్రి షాపు కట్టేసినంక తొమ్మిదిటి నుంచి పదిన్నర దాక కూసునేటోళ్లం, ఒక్కో ముక్క అతికేటప్పుడు మావోడు దాని గురించి వెతికి చదివి చెప్పేటోడు. ఆ చదువుడుతోనే ఈ కిట్ మాకు ఆట సామాను లెక్క అనిపించుడు ఆగిపోయింది.

రంగుల కాగితంల విమానం కడుపంతా, పక్కలంతా నల్ల మట్ రంగు కొట్టాలె అని ఉంటది. రాత్రి విమానం గద. మొదట్ల ఇంగ్లాండోళ్లు పట్టపగలే పోయేటోళ్లంట. 1939 డిసెంబర్ 18న 22 వెల్లింగ్టన్ బాంబర్లు జర్మనీ సముద్ర తీరం మీదికి పగటిపూట పోతే 12 తిరిగి రాలే. ఆ దెబ్బతోటి రాత్రికి మారిండ్రు. రాత్రి పోతే శత్రువుకు కనవడరు నిజమే, కానీ వీళ్లకు గూడ కింద ఏం కనవడది. 1941ల ఫోటోలు పెట్టి లెక్కదీస్తే, బాంబులు వేసొచ్చినం అని చెప్పిన విమానాలల్ల మూడింట ఒకటే గురికి ఐదు మైళ్ల లోపల పోయిందని తేలింది. గింత చీకట్ల, దీపాలన్నీ ఆర్పేసిన దేశం మీద, ఏడెనిమిది గంటలు పోయి రావాలె.

ఇంజిన్ల పక్కన పెట్టే సన్నని ముక్కలున్నయి, పొగ గొట్టాల మీద మూత లెక్క. అతకనీకి చాన ఓపిక కావాలె, మావోని చేతిల నుంచి రెండు సార్లు కిందపడ్డయి, చీపురుతోని వెతికి తీసినం. ఇంజిన్ల నుంచి మంట బయటికి కనపడకుండ దాచే కవర్లంట అవి. చీకట్ల ఒక్క నిప్పురవ్వ కనవడ్డా చాలు, వెనకనుంచి శత్రువు ఫైటర్ విమానం పట్టుకుంటది. పుస్తకంల ఈ ఒక్క మాట రాసి ఉంటె ఆ ముక్క మీద పిల్లలకు ఎంత శ్రద్ధ వస్తుండెనో.

ఈ కిట్‌ల అన్నిటికంటె గొప్పగున్నది లోపలి భాగం. నేను మోటర్ విప్పి లోపల చూసేటోన్ని, బయటి బాడీ చూసి ఏం అర్థం గాదు నాకు. ఈ కిట్‌ల లోపల సీట్లు, నావిగేటర్ టేబుల్, రేడియో, అన్నీ ఉన్నయి. ఇందుల ఏడుగురు పోయేటోళ్లు. పైలట్, పక్కన ఫ్లైట్ ఇంజనీర్, వెనక నావిగేటర్, వైర్‌లెస్ ఆపరేటర్, ముక్కుల బాంబులు గురిపెట్టే బాంబ్ ఎయిమర్, నడుమ మీద ఒక గన్నర్, తోకల ఒక గన్నర్. రెండో పైలట్ లేడు. పైలట్‌కు దెబ్బ తగిలితే విమానం పట్టుకునే బాధ్యత మిగిలినోళ్లదే.

నడుమల ఒక మందపాటి అడ్డపట్టీ ముక్క వస్తది, రెండు రెక్కలను కలిపే దూలం. మావోడు దాన్ని పెట్టినంక ఒక మనిషి బొమ్మ దాని ముంగట నిలవెట్టి చూసిండు. ఇంత ఎత్తున్నదాన్ని దాటి ఎట్ల పోతరు డాడీ అన్నడు. నిజంగనే కాళ్లు లేపి, వీపు వంచి, మీదికెల్లి దేకుకుంట దాటాలె. మందపాటి బట్టలు, లైఫ్ జాకెట్, పారాచూట్ కట్టుకునే పట్టీలు ఒంటి మీద ఉంటయి, ఆక్సిజన్ గొట్టం విడిపించుకోవాలె, లోపల చీకటి, విమానం మంటలల్ల తిరుక్కుంట కిందికి పడుతుంటది. పగలు నేల మీద నిలవడ్డప్పుడు దాటుడే కష్టమైన దూలం అది.

తోక గన్నర్ గురించి చెప్పాలె. మా ఊర్ల నేను చిన్నగున్నప్పుడు పల్లి చేన్ల అడవి పందులకు కావలి పండుకునేటోళ్లం. మంచె మీద ఒక్కన్నే, చలికాలం, గొంగడి కప్పుకొని, చీకట్లకు చూసుకుంట కూసోవాలె. కన్ను మూతవడ్తే చేను పాయె. తోక గన్నర్ పని చదువుతుంటె నాకు ఆ మంచెనే యాదికొచ్చింది, కానీ మంచె దిగితే నేనైతే ఇంటికి పోతుంటి. వానికి మనిషి ముఖం కనవడది, అందరికంటె వెనక, తోక కొసకు, నాలుగు తుపాకుల నడుమ కుదించుకొని కూసోని గంటలకు గంటలు చీకట్లకు చూసుడే. ఆరేడు వేల మీటర్ల ఎత్తుల చలి సున్నా కింద 30, 40 డిగ్రీలు. ఫైటర్ కనవడంగనే వాడు అరుస్తడు, పైలట్ విమానాన్ని ఒక పక్కకు పడేసి దించి మల్ల లేపి రెండో పక్కకు తిప్పుతడు, దాన్ని కార్క్‌స్క్రూ అంటరంట. ఏడుగురి పానాలు వాని కండ్లల్ల ఉంటయి.

వాళ్లకు కరెంటుతోని వెచ్చగయ్యే సూట్లిచ్చిండ్రు. ఇది నా పని గాబట్టి నాకు చదవంగనే అర్థమైంది. లోపల కాయిల్ లెక్క సన్న వైరు తిప్పి ఉంటది. మోచేయి కాడ, మోకాలి కాడ బట్ట మడతపడ్డప్పుడల్ల వైరు వంగుతది, వంగిన దగ్గరనే ఏదో ఒకనాడు తెగుతది. లేకుంటె ఒక దగ్గర షార్ట్ అయ్యి చర్మం కాలుతది, ఇంకో దగ్గర చెయ్యి గడ్డకడుతది. షాపుల మోటర్ కాలితే విప్పి మల్ల చుడుత. ఆకాశంల, చేతికి గ్లౌజు తీస్తే ఇనుముకు చర్మం అంటుకునే చలిల, వాడు ఏం చెయ్యాలె చెప్పండ్రి.

ఆ పగిలిన అద్దం ముక్క ముచ్చట గూడ ఇక్కడనే చెప్పాలె. నేను ముందు ఇన్‌స్టంట్ గ్లూతోని అతికి చూసిన, దాని ఆవిరి పట్టి అద్దం తెల్లగ పొగబారింది. (అద్దం ముక్కలకు ఆ గ్లూ ఎప్పుడు వాడకండ్రి, తెల్ల ఫెవికాల్ రకందే వాడండ్రి.) ఏడుపొచ్చినంత పనైంది మావోనికి. మల్ల వాడే ఒకనాడు ఉరికొచ్చి చెప్పిండు, నిజమైన గన్నర్లు చానమంది కండ్ల ముంగటి అద్దాన్ని వాళ్లంతట వాళ్లే తీసేయించుకున్నరంట. అద్దం మీద చిన్న గీత, చిన్న మరక ఉన్నా చీకట్ల అది ఫైటర్ లెక్కనే కనవడ్తది, లేకుంటె నిజం ఫైటరే ఆ మరక వెనక దాక్కుంటది. అందుకని గంటలకు గంటలు ఆ చలిగాలి సీదా ముఖానికి కొట్టినా పర్వాలేదని తెరిచి పెట్టుకున్నరు. మేం గూడ ఆ నడిమి ముక్క తీసేసి అట్లనే వదిలేసినం. మా మోడల్ల తోక గన్నర్ ముంగట అద్దం లేదు.

కిట్ తిరగేసి కడుపు వైపు రంగు కొడ్తుంటె మావోడు అడిగిండు, కింద వెనకకు చూసేటందుకు ఒక్క కిటికీ గూడ లేదేంది అని. ఉన్నదల్లా ఒక గుమ్మటం, లోపల నేలను చూసే రాడార్, హెచ్2ఎస్. ఆ లోటే వాళ్ల కొంప ముంచింది. 1943 నుంచి జర్మనోళ్లు రాత్రి ఫైటర్ల వీపు మీద పైకి ఏటవాలుగ కాల్చే ఫిరంగి తుపాకులు బిగించిండ్రు, ష్రెగె ముజిక్ అని పేరు. కింది నుంచి చప్పుడుగాకుండ దగ్గరికొచ్చి, రెక్కల ఇంజిన్ల నడుమ పెట్రోల్ ట్యాంకులకు గురిపెట్టి కొట్టేటోళ్లు, గుండు పోయే దారి వెలగకుండ. అంత కష్టపడి చూసే తోక గన్నర్‌కు అసలు ఏం కనవడకపోయేది. మంట లేసినంకనే తెలిసేది. ఇంకోటి, వెనకనుంచి ఎవలన్న వస్తే చెప్పాలెనని మోనికా అనే చిన్న రాడార్ తోకకు పెట్టిండ్రు. ఆ రాడార్ సిగ్నల్‌నే పట్టుకొని జర్మన్ ఫైటర్లు వీళ్ల వెంట వడ్తున్నయని 1944 జులైల ఒక జర్మన్ విమానం దారి తప్పి ఇంగ్లాండ్‌ల దిగినంకగాని తెల్వలే. కాపాడాలెనని పెట్టినదే దీపమై చూపించింది.

లైట్ల సంగతి గూడ అంతే. జర్మనోళ్లు కింది నుంచి వేసే సర్చ్‌లైట్లల్ల ఒకటి నీలంగ ఉండేదంట, రాడార్‌తోని కలిపింది, అది పట్టుకుందంటే మిగిలినయన్నీ ఒక్కసారే మీదికొస్తయి. రాత్రిపూట బండి లైటు పడ్డ కుందేలు ఎట్ల ఆగిపోతదో చూసినోళ్లకు ఎరుకే. పైలట్ కండ్లు బైర్లు కమ్మి, కింది నుంచి 88 మిల్లీమీటర్ల గుండ్లు.

తప్పించుకొని వచ్చినోళ్లకు గూడ అయిపోయినట్టు కాదు. సంక్రాంతి ముంగట తెల్లవారుజామున చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద పొగమంచుల బండి నడిపినోళ్లకు ముంగటి లారీ ఎట్ల కనవడకుండ పోతదో తెలుసు. 1943 డిసెంబర్ 16 రాత్రి బెర్లిన్ పోయిన లాంకాస్టర్లల్ల 25 అక్కడ పోయినయి. మిగిలినయి ఇంగ్లాండ్‌కు వచ్చేసరికి మొత్తం పొగమంచు, పెట్రోల్ అయిపోతున్నది, దిగనీకి నేల కనవడది. అట్ల ఇంటికాడికొచ్చి కూలినయి, పారాచూట్లతోని దూకి వదిలేసినయి ఆ 25 కంటె ఎక్కువ. కొన్ని ఎయిర్‌ఫీల్డ్‌లల్ల రన్‌వే పొడుగునా పెట్రోల్ మంటలు పెట్టి మంచు కరిగించే ఏర్పాటు గూడ చేసిండ్రు.

ఒకనాడు మావోడు కాలిక్యులేటర్ పట్టుకొని నా దగ్గరికొచ్చిండు. ఒక్కొక్కలు 30 సార్లు దాడికి పోయి రావాలె, అప్పటిదాక ఆ డ్యూటీ తప్పది. ఒక్కో రాత్రి నూటికి నాలుగు విమానాలు తిరిగి రాలేదనుకో. నాలుగే గద అనిపిస్తది. 0.96ను 30 సార్లు గుణించిండు. 0.29. నూరు మందిల 29 మందే మిగుల్తరు. మల్లొకసారి కొట్టు అన్న, నమ్మలేక. మల్ల 0.29నే. కొన్ని రాత్రులు నాలుగు కంటె చాన ఎక్కువ. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ మీదికి 795 విమానాలు పోతే 95 రాలే. వెన్నెల రాత్రి, చలికి ఇంజిన్ల వెనక తెల్లగ పొగ గీతలు పడ్డయి, ఎటువోతున్నరో గీత గీసి చూపెట్టినట్టైంది. యుద్ధం అయిపోయేసరికి బాంబర్ కమాండ్‌ల (ఇంగ్లాండోళ్ల బాంబర్లను నడిపే విభాగం) 1,25,000 మంది సిబ్బందిల 55,573 మంది చచ్చిపోయిండ్రు. సగటు వయసు 22 చిల్లర. మా అమ్మ పక్కన కూసోని అన్నీ వింటుండె, ఆ పోరగాండ్లకు పెండ్లిళ్లైనయా బిడ్డా అని అడిగింది. చానమందికి కాలేదమ్మా అన్న. చాన సేపు ఏం మాట్లాడలే.

వాళ్ల బాంబుల కింద చచ్చినోళ్లను గూడ మేం పక్కకు పెట్టలే. 1943 జులైల హాంబర్గ్‌ల నిప్పు గాలి లేసి 30 వేలకు పైనే జనం కాలిపోయిండ్రు, ఆడోళ్లు, పిల్లలు, ముసలోళ్లు. మావోడు నడిమిల బాంబులు అతికేటప్పుడు ఒక దినం పని ఆపిండు. వాన్ని నేను తొందరపెట్టలే. మల్ల వాడే అన్నడు, బాంబులు పెడ్దాం డాడీ, లేకుంటె అబద్ధం చేసినట్టైతది అని. ఆ బాంబుల గది పది మీటర్ల పొడుగు, అంటే విమానంల దగ్గర దగ్గర సగం. మోడల్ల 14 సెంటీమీటర్లు. మనుషులకిచ్చిన జాగా ఎంత, బాంబులకిచ్చిన జాగా ఎంత అనేది ఈ కిట్ కట్టినోళ్లకు చేతులతోనే తెలుస్తది.

అంటించే స్టిక్కర్లల్ల స్క్వాడ్రన్ (విమానాల దళం) అక్షరాలుంటయి. మనోళ్లకు ఒక ముచ్చట చెప్పాలె. బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్‌ల 110 నంబర్ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ అని పేరు. మొదటి ప్రపంచ యుద్ధంల దానికి విమానాలు నిజాం పైసలతోని వచ్చినయి. 1939 సెప్టెంబర్ 4న, ఇంగ్లాండ్ యుద్ధంల దిగిన తెల్లారే, జర్మన్ ఓడల మీదికి పోయిన మొదటి దాడిల ఆ స్క్వాడ్రన్ బ్లెనిమ్ బాంబర్లున్నయి. పగటిపూట దాడి అది, 110, 107 స్క్వాడ్రన్లవి కలిపి పది పోతే ఐదు రాలే. అప్పుడు మన నల్గొండ, పాలమూరు నిజాం కిందనే. మన తాతలు కట్టిన శిస్తుల పైసలు గూడ అండ్ల ఉండే ఉంటయి అని నాకనిపిస్తది. మన బళ్లె పుస్తకాలల్ల ఈ ముక్క చెప్తే పిల్లలు ఎంత ఇష్టంగ చదువుతరో.

ఇప్పుడు నేను అసలు రాద్దామనుకున్నది. ముక్కు కింద, బాంబ్ ఎయిమర్ పండుకునే చోట, నేల మీద ఒక తలుపు గీతలుంటయి. విమానం కూలుతుంటె ముంగటి ఐదుగురు దూకాల్సిన దారి అది. కిట్‌ల మూసే ఉన్నట్టు అచ్చువోసిండు. మావోడు బ్లేడుతోని కోసి తెరిచిండు. నేను వర్నియర్‌తోని కొలిచిన, వెడల్పు దగ్గర దగ్గర ఎనిమిది మిల్లీమీటర్లు, పొడుగు తొమ్మిది చిల్లర. అసలు విమానంల వెడల్పు 22 అంగుళాలు. ఫ్రీమన్ డైసన్ అని తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయినాయన అప్పుడు పందొమ్మిదేండ్ల పిల్లగాడు, బాంబర్ కమాండ్‌ల లెక్కలు చేసేటోడు. కూల్చిన విమానాలల్ల ఎంతమంది బతికి బయటపడ్డరో వాళ్లు లెక్క తీసిండ్రు. అమెరికా పగటి బాంబర్లల్ల సగం మంది, ఇంగ్లాండోళ్లదే ఇంకో బాంబర్ హాలిఫాక్స్‌ల నాలుగోవంతు, లాంకాస్టర్ల 15 శాతం. అన్నిటికంటె మంచి విమానం అని పేరున్నదాన్ల బతికేటోళ్లు అందరికంటె తక్కువ. హాలిఫాక్స్ తలుపు 24 అంగుళాలు, దీనిది 22. ఆ రెండు అంగుళాలు వేలమంది పానాలు తీసినయని ఆయన తర్వాత రాసిండు. పెద్దగ చెయ్యమని లోపల అడిగినోళ్లున్నరు, ఏండ్లు పట్టింది, అప్పటికి యుద్ధం అయిపోవచ్చింది.

రెండు అంగుళాలు 72తోని భాగిస్తే ఎంతని మావోడు అడిగిండు. 0.7 మిల్లీమీటర్. నేను లేసి రాక్ నుంచి 22 గేజి కాపర్ వైరు చుట్ట తీసిన. స్క్రూ గేజ్ పెట్టి చూస్తే 0.71. ఒక ముక్క కోసి ఆ తలుపు పక్కన అంచుకు పెట్టినం. గంతే. రోజు నా చేతుల్లకెల్లి పోయే వైరు మందం. కిట్‌ల మనుషుల బొమ్మలు మూడే ఇచ్చిండు, మిగిలిన నలుగురిని నేను ఆ వైరుతోనే వంచి చేసిన, ఒక్కొక్కలు రెండున్నర సెంటీమీటర్లు. ఛాతీకి పారాచూట్ మూట లెక్క చిన్న వార్నిష్ గుడ్డ ముద్ద కట్టి ఆ తలుపుల నుంచి దాటించి చూసినం. ఇరుక్కున్నడు. ముద్ద కొంచెం నొక్కి, మనిషిని కొంచెం పక్కకు తిప్పి, రెండు వేళ్లతోని మెల్లగ తోస్తే దాటిండు. లైటు కింద, టేబుల్ మీద, తొందర లేకుండ, మాకు నిమిషం పట్టింది. పైలట్ అయితే అందరు దూకిందాక స్టీరింగ్ పట్టుకొని కూసోవాలె, లాస్టుకు వస్తడు.

కొనాల్నా అంటే కొనండ్రి. ఐదుకు నాలుగు ఇస్త. ఒకటి ఎందుకు తీసిన్నంటె పుస్తకంల ఏ ముక్క గురించి ఒక్క మాట లేదు, ఏడుగురు పోయే విమానంల ముగ్గురు బొమ్మలే ఇచ్చిండు, ఆ తలుపు మూసి పంపిండు. పదేండ్లలోపు పిల్లలకు ఒద్దు, ముక్కలు చాన చిన్నయి. పెద్దోళ్లు పక్కన కూసుంటెనే కట్టగలుగుతరు. నల్ల రంగుకు ఆటో పెయింట్లమ్మే షాపుల మట్ బ్లాక్ స్ప్రే డబ్బా సరిపోతది, రెండు పలుచటి కోట్లు, నడుమ ఒక పూట ఆరనియ్యాలె. మే నెలల రేకుల షెడ్డు కింద పెట్టకండ్రి, మాది ఒక రెక్క కొస కొంచెం వంగింది, వేడినీళ్లల్ల ముంచి సరిచేసుకున్నం. స్టిక్కర్లు గోరువెచ్చని నీళ్లల్ల అర నిమిషం కంటె ఎక్కువ ఉంచితే చినుగుతయి.

ఇగ మనుషుల బొమ్మలు తక్కువ పడ్డోళ్లెవలన్న నల్గొండ చుట్టుపక్కల ఉంటే, షాపుకు రాండ్రి, 22 గేజి వైరు నాలుగు మూరలు ఉత్తగనే కోసిస్త. నలుగురిని చేసుకోనీకి సరిపోతది.